సంకల్పానికి సన్నాహమే సాక్ష్యం

ఈ ఏడు పంట చేతికి రాగానే జకాత్ సక్రమంగా చెల్లించాలి, పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పించాలి, బంధువు అప్పు తీర్చాలి అని మనలో చాలామంది అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ కోరిక కోరికగానే మిగిలిపోతుంది. 'మా నియ్యత్ మంచిదే కదా' అని మనకు మనమే సమాధానం చెప్పుకుంటాం. ఈ సమాధానం ఎంతవరకు చెల్లుతుందో ఆలోచించవలసి ఉంది.

సహీహ్ బుఖారీ గ్రంథం సంకల్పాన్ని గురించిన హదీసుతోనే ప్రారంభమవుతుంది. సత్కార్యం తలపెట్టి, చేయలేకపోయిన వానికి కూడా పుణ్యం లభిస్తుందని మరొక హదీసు తెలుపుతున్నది. అయితే చేయలేకపోవడం వేరు, చేయడానికి సిద్ధపడకపోవడం వేరు. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో జరిగిన తబూక్ ప్రస్థానం సందర్భంలో దివ్య ఖుర్ఆన్ ఈ రెంటినీ వేరుచేసి చూపింది. సాకులు చెప్పి ఆగిపోయినవారికి బయలుదేరే ఉద్దేశమే ఉంటే కొంతైనా సన్నాహం చేసుకొని ఉండేవారని సూరె తౌబా 46వ ఆయతు భావం. వాహనాలు దొరకక కన్నీటితో వెనుదిరిగిన పేదలపై మాత్రం నింద లేదని అదే సూరా 92వ ఆయతు వల్ల తెలుస్తుంది. అంటే సంకల్పానికి సాక్ష్యం సన్నాహమే.

బెళుగుప్ప ప్రాంతపు రైతుకు ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు. అనంతపురం జిల్లా వర్షచ్ఛాయలో ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వర్షమే కురుస్తుంది. ఎర్రనేలలో పదును నిలిచేది కొద్ది రోజులే. వేరుశనగ విత్తనం వలిచి ఉంచుకొని, గొర్రు సరిచేసుకొని, కూలీలతో మాట్లాడుకొన్న రైతు ఆ పదునులోనే విత్తుతాడు. వాన పడిన తరువాత విత్తనం కోసం తిరిగేవాని పదును ఆరిపోతుంది. పంట పండించాలన్న కోరిక ఇద్దరిదీ ఒక్కటే. వాన అల్లాహ్ చేతిలో ఉంది. గొర్రు మన చేతిలో ఉంది.

ప్రణాళిక వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరు పొరబడతారు. హజ్రత్ యూసుఫ్ (అ) రాబోయే ఏడు కరవు సంవత్సరాల కోసం ముందరి ఏడు సంవత్సరాల పంటలో తినే కొద్దిపాటి తప్ప తక్కిన ధాన్యాన్ని వెన్నులలోనే నిలువ ఉంచమన్నారు. క్రీ.శ. 622లో హిజ్రత్‌కు బయలుదేరిన దైవప్రవక్త (స) దారి తెలిసిన మనిషిని ముందే కుదుర్చుకున్నారు. సౌర్ గుహలో మూడు రాత్రులు ఆగారు. మక్కా కబుర్లు చేరవేయడానికి ఒకరిని నియమించారు. దైవసహాయంపై వారికంటె ఎక్కువ నమ్మకం ఎవరికుంది?

పెద్ద పనిని మెట్లుగా విడగొట్టుకోవాలి. 2012లో ప్రారంభమైన హంద్రీ-నీవా మొదటి దశలో కృష్ణా జలాలు మాల్యాల నుంచి ఒక్కొక్క ఎత్తిపోతల కేంద్రం దాటుతూ బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరే ఏర్పాటు జరిగింది. నీరు ఒక్క ఊపున గట్టెక్కదు. మన సంకల్పాలూ అంతే.

పంట జకాత్ సంగతే చూద్దాం. వర్షాధారపు పంటలో పదవ వంతు, నీరు తోడి పండించిన పంటలో ఇరవయ్యవ వంతు అని హదీసులు నిర్ణయించాయి. కోతనాడే దాని హక్కు చెల్లించమని ఖుర్ఆన్ ఆదేశం (6:141). 'అమ్మిన తరువాత చూద్దాం' అనుకుంటే ఆ డబ్బు అప్పులకూ, పెళ్ళిళ్ళకూ కరిగిపోతుంది. కనుక కోతకు ముందే ఎవరికి ఇవ్వాలో పేర్లు వ్రాసుకోవాలి. కళ్ళంలోనే ఆ వంతు వేరే గోతాలలో కట్టాలి. ఆ గోతాలు ఇంటికి చేరకముందే పంచడానికి ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించాలి. చదువుకైనా, అప్పుకైనా ఇదే పద్ధతి: ఎంత, ఎప్పుడు, ఎవరి ద్వారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

పంటే పండని ఏడు అల్లాహ్ మన అశక్తతను ఎరుగును. పండిన ఏడు మాత్రం మన గోతాలే మన నియ్యత్‌కు సాక్ష్యం చెబుతాయి.