పాత స్పోర్ట్సు కార్ల ప్రదర్శన



మోటారు కారు సంగతి మగవారిదని మన యిండ్లలో నొక వాడుక యున్నది. కారు కొనునపుడు రంగు నెన్నుకొనుటకు మనలను పిలుతురు. దాని లోపలి యంత్రమును గూర్చి ప్రసంగము వచ్చినచో కాఫీ తెమ్మని పంపుదురు. అట్టిచో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములకు జెందిన ఐదుగురు స్త్రీలు ఇంగ్లండు దేశపు పాత స్పోర్ట్సు కార్లను చూచుటకై ప్రయాణమై వెళ్లిరన్నచో కొందరు నవ్వవచ్చును. మా బంధువులలోను నవ్వినవారుండిరి. అయినను వెళ్లితిమి. అట్టి ప్రదర్శనను చూచుట మాలో నెవరికైనను అదియే మొదటిసారి. అందు గ్రహించిన విషయములు కొన్ని మన గృహములకును పనికివచ్చునవని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఊరక వేడుకకై పోయినవారము కాము. రేపల్లె వదినగారి యింట పెరటి కొట్టములో నొక పాత కారు కలదు. అది వారి మామగారు 1966వ సంవత్సరమున కొన్న స్టాండర్డు హెరాల్డు. ఆయన జీవించియున్నంత కాలము దానిని కన్నబిడ్డవలె చూచుకొనిరి. తరువాత నడుపువారు లేక, పైన టార్పాలిను కప్పుకొని, వడ్లబస్తాల నడుమ పడియున్నది. ఈ మధ్య పాత యినుము కొనువాడు వచ్చి, తూకము వేసి తీసికొనిపోయెదనని బేరమాడెను. కొట్టము ఖాళీ యగునని మగవారు సుముఖులైరి. వదినగారు మాత్రము, "మామయ్యగారి చేతి వస్తువు, ఇచ్చివేయుటకు ముందు, ఇట్టి బండ్లను నిలుపుకొన్నవారు ఎట్లు నిలుపుకొన్నారో ఒకసారి చూచి వత్తము" అనిరి. చెన్నపట్టణములో పాత కార్ల ప్రదర్శన యున్నదనియు, అందు ఇంగ్లండు దేశపు స్పోర్ట్సు కార్లు ప్రత్యేకముగా నొక వరుసలో నిలుపబడుననియు తెలిసినది. వదినగారును, ఇంజనీరింగు చదువుచున్న వారి కుమార్తెయు, కుమారుడును రేపల్లెనుండి ప్యాసింజరు బండిలో తెనాలి వచ్చిరి. అచ్చట మేమిద్దరము కలిసితిమి. బాపట్లలో అక్కయ్యగారు ఎక్కిరి.

స్పోర్ట్సు కారనగా కుటుంబమంతయు ఎక్కి తిరుపతికి పోవు బండి కాదు. అందు సాధారణముగా ఇద్దరికే చోటు. ముందు పొడవైన యంత్రపుపెట్టె, వెనుక చిన్న సామానుల చోటు, పైన గుడ్డకప్పు. కూర్చున్నచో పీటమీద కూర్చున్నట్లు నేల చేతికందును. మనము ఎండ వచ్చినచో గొడుగు విప్పుదుము. ఇంగ్లండువారు ఎండ వచ్చినచో ఈ కప్పు మడిచి పెట్టుదురు. ఎండ యరుదైన దేశమున పుట్టిన వేడుక యిది.

వరుసలో మొదట మా కన్నులను ఆకర్షించినవి ఎం.జి. కార్లు. 1920ల నడుమ ఆక్సుఫర్డు పట్టణమున మోరిస్ గ్యారేజీలను నడిపిన సెసిల్ కింబర్, సామాన్యమైన మోరిస్ కార్లకు తేలికయైన అందపు ఒడళ్లు తొడిగించి అమ్మసాగెను. ఆ గ్యారేజీల పేరులోని మొదటి రెండక్షరములే ఎం.జి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లోనే ఎం.జి. టి.సి. అను కారు వెలువడినది. 1949 వరకు అట్టివి సుమారు 10,000 తయారైనవి. యుద్ధముచే అప్పులపాలైన ఇంగ్లండు, విదేశములకు ఎక్కువగా అమ్మిన కర్మాగారములకే ఉక్కు ఇచ్చుచుండెను. అందుచే ఈ చిన్న కార్లు ఓడలెక్కి దేశదేశములకు పోయినవి. హిందూదేశమునకు మాత్రము స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై గట్టి కట్టుబాట్లు వచ్చుటచే ఎక్కువగా రాలేదు. వచ్చినవానిని జాగ్రత్త చేసినవారి పుణ్యమున నేడు మనము చూడగలుగుచున్నాము.

ఈ టి.సి. కారు ఒడలి లోపల నున్నది కొయ్య చట్రమన్న మీరు నమ్ముదురా? యాష్ అను గట్టి కొయ్యతో చట్రము గట్టి, పైన రేకు తొడిగిరి. మాల్వర్ను పట్టణమున 1909 నాడు మొదలైన మోర్గన్ కర్మాగారమువారు ఈనాటికిని తమ కార్ల ఒడళ్లకు యాష్ కొయ్యను వాడుచున్నారు. మన వడ్రంగులు బండికి తుమ్మకొయ్యను ఏల యెన్నుదురో, వారును అందుకే యాష్ నెన్నిరి: అదరునే గాని త్వరగా విరుగదు. ఇక చక్రములు! మన యెడ్లబండి చక్రమునకు ఆకులున్నట్లే వానికి సన్నని ఉక్కుతీగెల ఆకులు. ఇరుసుకొనను సీల యున్నట్లే, నడుమ రెండు చెవుల మర యొకటి కలదు. దానిని మెత్తని లోహపు సుత్తితో రెండు దెబ్బలు వేసినచో చక్రము ఊడివచ్చును. బాపట్ల అక్కయ్యగారు దీనిని చూచి, "మా పుట్టింటి బండివాడు దీనిని చూచియుండిన, నాకిది తెలిసినదే యనును" అనిరి.

ఒకచోట నొక పెద్దమనిషి తన కారునకు చమురు పోయుచుండెను. ఆ డబ్బామీది కాస్ట్రాల్ అను పేరు ఎట్లు వచ్చినదో ఆయన చెప్పగా మాకు నవ్వు వచ్చినది. ఆముదమును ఆంగ్లమున కాస్టర్ నూనె యందురు. 1909 ప్రాంతమున యంత్రముల చమురులో ఆముదము కలుపుటచే ఆ పేరు పెట్టిరట! మన తలలకును లాంతరులకును పోసిన ఆముదమే పందెపు కార్ల యంత్రములకును ప్రాణము పోసినది.

వదినగారి కుమార్తె ఆ పెద్దమనిషిని యంత్రమును గూర్చి యొక ప్రశ్న అడిగినది. ఆయన మర్యాదస్థుడే, కాని ప్రత్యుత్తరము ప్రక్కనున్న ఆమె తమ్మునివంక చూచి చెప్పెను. ఆ పిల్లవానికి ఇంటరు పరీక్ష తప్ప మరేమియు తెలియదు. అమ్మాయి నొచ్చుకొనక, గాలిని పెట్రోలుతో కలుపు రెండు కార్బురేటర్లు సమముగా పనిచేయునట్లు ఎట్లు సరిచూతురని మరల అడిగెను. అప్పుడాయన ఆమె వైపు తిరిగెను. పిమ్మట అరగంట సేపు ఆమెతోనే మాటలాడెను. అడిగినగాని తలుపు తెరువబడదని మాకు ఆనాడు తోచినది.

నిజమునకు మోటారు చరిత్రలో స్త్రీల పాలు స్వల్పము కాదు. ఇంగ్లండున సరే మండలములోని బ్రూక్‌లండ్సు వద్ద 1907లో తెరచిన పందెపు బాట ప్రపంచమున మోటారుల పందెమునకై కట్టిన బాటలలో ప్రథమమైనది. దానిని భర్త ఆరంభింపగా, వ్యయమునకు క్రుంగి ఆయన జబ్బుపడినపుడు, పనిని చేతబట్టి నెరవేర్చినది ఎథెల్ లాక్ కింగ్ అను నామె. అట్లు కట్టిన బాటమీద స్త్రీలకు పందెమున చోటు తొలుత లేకుండెను! మరుసటి సంవత్సరము స్త్రీలకై పెట్టిన పందెమున మ్యూరియల్ థాంప్సను గెలిచినది. డొరొతి లెవిట్ అను నామె 1909లో స్త్రీలకొరకు వ్రాసిన మోటారు గ్రంథమున, వెనుక వచ్చు బండ్లను చూచుటకు చేతి అద్దము దగ్గర నుంచుకొమ్మని సలహా యిచ్చినది. కార్లకు వెనుక చూపు అద్దములు వాడుకలోనికి వచ్చినది ఆ తరువాతనే. వానలో ముందుటద్దమును తుడుచు కఱ్ఱకు 1903లో అమెరికాలో హక్కు పొందినది మేరీ ఆండర్సను అను స్త్రీ. ప్రదర్శనలో మేము చూచిన ఆస్టిన్ హీలీ జాతి కారుతోనే, 1960లో ప్యాట్ మాస్, ఆన్ విజ్డమ్ అను నిద్దరు యువతులు, బెల్జియము నుండి రోము వరకు పోయి మరల వచ్చు కఠినమైన లియేజ్ పందెమున పురుషుల నందరిని మించి మొదటి స్థానము గెలిచిరి.

మన ప్రాంతమునకును ఈ వేడుక దూరము కాదు. నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు పోవు దారిలో షోలవరము వద్ద, యుద్ధకాలపు విమానముల బాటమీద, 1950ల నుండి మూడు దశాబ్దములకు పైగా కార్ల పందెములు జరిగినవి. మదరాసు హెరిటేజ్ మోటారింగ్ క్లబ్బు వంటి సంఘములు ఆ నగరమున పాత వాహనములపై ప్రీతిని నేటికిని నిలుపుచున్నవి.

ఇక వదినగారి విషయము. వరుస చివర ఎఱ్ఱని చిన్న కారొకటి యుండెను. పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. దాని యజమాని ముందు భాగమునంతయు ఒక్కసారిగా పైకెత్తి ముందుకు వంచెను. చక్రములతో సహా యంత్రమంతయు బయటపడెను. వదినగారు నిలువబడిపోయి, "మామయ్యగారు మా కారు ఇట్లే తెరుతురు" అనిరి. యజమాని నవ్వి, "అమ్మా, మీది హెరాల్డు కాబోలు! ఈ రెండును అక్కచెల్లెళ్లు" అనెను. ఆ మాట నిజమే. ఇంగ్లండున 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డును ఇటలీ దేశపు మిచెలొట్టి రూపకల్పన చేసెను. దాని క్రింది ఇనుప చట్రమునే పొట్టిచేసి, 1962లో ఆయన గీసిన రూపముననే స్పిట్‌ఫైరును చేసిరి. హెరాల్డునే 1961 నుండి చెన్నపట్టణము చెంత వండలూరులో స్టాండర్డు మోటారు కంపెనీవారు మన దేశమున తయారుచేసిరి. తరువాత నాలుగు తలుపులతో చేసిన హెరాల్డు మన దేశమున మాత్రమే వెలువడినది. ఆ కంపెనీ 1988 ప్రాంతమున మూతబడినది.

వదినగారు అడిగిన ప్రశ్నలు మా కందరకును ఉపయోగపడినవి. మొదటి శత్రువు తుప్పు. బాపట్ల, రేపల్లెలకు సముద్రము చేరువ. ఉప్పుగాలికి కిటికీ ఊచలే పెచ్చులూడును గదా! అందుచే పై రంగు చూచి మోసపోక, చక్రముల వెనుకను, క్రింది చట్రమును, నేలరేకును తట్టి చూడవలెనట. తడినేలపై నిలుపరాదు. గాలి యాడని టార్పాలిను కప్పినచో లోపల చెమ్మ నిలుచును. నూలు దుప్పటి మేలు. ఎలుకలు తీగెలను కొఱుకకుండ ధాన్యము దూరముగా నుంచవలెను. పలుమాసములు కదలనిచో యంత్రమును ఒక్కసారిగా త్రిప్పరాదు. పాత పెట్రోలు తీసివేసి, నిపుణునిచే చమురు పోయించి, చేతితో మెల్లగా తిరుగునో లేదో చూడవలెను. ఈ మాటలు వినుచున్నపుడు, ఊరగాయ జాడీలను, పట్టుచీరలను, ఇత్తడి గుండిగలను తరములు నిలిపిన స్త్రీలకు ఇందు తెలియనిదేమున్నదని మాకు తోచినది. చెమ్మ, ఎలుక, మఱపు — ఈ మూడే వస్తువుల శత్రువులు.

చట్టము సంగతియు తెలిసికొంటిమి. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడక, స్వంతవాడుకకై యున్న కార్లను, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనములుగా నమోదు చేయవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. సంఖ్యలో వీఏ అను గుర్తుండును. అట్టి వాహనమును ప్రదర్శనలకు, పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు రోడ్డుమీదికి తేవచ్చును గాని నిత్యప్రయాణమునకు వాడరాదు. కావున ఇంట పాత వాహనమున్నవారు మొట్టమొదట చూడవలసినది యంత్రమును కాదు, కాగితములను. యజమాని గతించినచో పేరు మార్పు జరిగినదో లేదో విచారింపవలెను.

తిరిగివచ్చిన పిదప రేపల్లెలో ఇంటివారందరును కూర్చుండి మాటలాడుకొనిరి. వదినగారు ఖర్చును దాచలేదు. దానిని బాగుచేయుటకు ధనమును, ఓపికయు, చేయితిరిగిన మేస్త్రీయు కావలెనని స్పష్టముగా చెప్పిరి. తుదకు నిర్ణయమైనది యిది: తూకమునకు అమ్మరు. వర్షములకు ముందే కొట్టము కప్పు నేయించి, కాగితములు సరిచేయింతురు. ఒక సంవత్సరము చూచి, తమవలన కానిచో, బాగుచేసి నడుపుకొనువారికి కాగితములతో సహా అప్పగింతురు. క్రింది చట్రమును తట్టి చూచు పని అమ్మాయి స్వీకరించినది.

పాత యినుమునకు వేరుగతి లేదని కాదు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావుగారును, వారి కుమారులును పాత వాహనముల బోల్టులతో, గొలుసులతో నిలువెత్తు విగ్రహములు నిర్మించి ఖ్యాతి గాంచిరి. శిథిలమైనదానికి అది సద్గతియే. కాని ఊపిరి యున్నదానిని విచారింపక తూకమున వేయుట తగదని మా యభిప్రాయము.

ఇట్టి ప్రదర్శనకు పోదలచిన సోదరీమణులకు కొన్ని సూచనలు. ఉదయముననే పొండు, యంత్రములు మేల్కొనునది అప్పుడే. అడుగక బండిని తాకకుడు. గాజులును, పైట పిన్నులును రంగును గీయును. ఏ సంవత్సరపుది, ఎవరి చేతులు మారినది, విడిభాగములు ఎచ్చట దొరకును అని అడుగుడు. ఆడపిల్లలను తప్పక తీసికొనిపొండు. చెన్నపట్టణము దూరమనువారు హైదరాబాదు చౌమహల్లా సౌధములో నిజాము ప్రభువుల 1912 నాటి రోల్సు రాయిసును చూడవచ్చును. కోయంబత్తూరు పోవువారు 2015లో తెరచిన జీ.డీ. కార్ల మ్యూజియమును చూడవచ్చును.

కాలమహిమ చూడుడు: జాగ్వారు సంస్థ 2008 నుండి మన టాటావారిది, ఎం.జి. పేరు చీనా సంస్థ చేతికి పోయి, ఆ పేరుతో క్రొత్త కార్లు 2019 నుండి మన వీధులలో తిరుగుచున్నవి. పేర్లు చేతులు మారును, యజమానులు మారుదురు. వస్తువు నిలుచునది మాత్రము ఎవరో ఒకరు దినదినము దానిని కనిపెట్టి యుండుటవలననే. ఆ పని మన యిండ్లలో చిరకాలముగా చేయుచున్నది స్త్రీలే. యంత్రమును కనిపెట్టి చూచుటకును ఆ కన్నులే చాలును. దాని సంగతి అడుగుటకు మాత్రము నోరు తెరువవలెను.