బిడ్డ వినడం లేదా, బిడ్డకు వినిపించడం లేదా?

హిందూపురం, మదనపల్లె, కుప్పం ప్రాంతాల నుంచి జీవనోపాధికై బెంగళూరు చేరిన కుటుంబాల పిల్లలపై కొత్త బడిలో ఒక ఫిర్యాదు రావడం కద్దు: ‘చెప్పింది వినడు, పరధ్యానం ఎక్కువ’. ఆ మాట విని బిడ్డను దండించక ముందు తల్లిదండ్రులు, అసలు బిడ్డకు పాఠం వినిపిస్తున్నదా అని విచారించాలి.

రొదలో నుంచి మాటను వేరుచేసి గ్రహించే శక్తి పుట్టుకతోనే పూర్తిగా రాదు. కౌమారదశ వరకు అది క్రమంగా పెరుగుతుంది. పెద్దలు సగం మాట చెవిన పడినా మిగిలినది ఊహించుకోగలరు. పిల్లలకు అంతటి పదసంపద ఉండదు. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో, ఇంగ్లీషో వినే బిడ్డకు ఈ కష్టం మరింత అధికం. నిశ్శబ్దంలో చక్కగా బోధపడిన వాక్యమే వాహనాల మోత నడుమ అర్థం కాకుండా పోతుంది.

తరగతి గదిలో పాఠం సాగుతున్నప్పుడు ఇతర శబ్దాలు 35 డెసిబెళ్లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నిశ్శబ్ద మండలాలకు పగటిపూట 50 డెసిబెళ్ల పరిమితి విధించాయి. రద్దీ రహదారి పక్కన, కిటికీలు తెరిచిన గదిలో ఈ హద్దులు నిలవడం దుర్లభం.

అయినా చేయదగిన పనులు ఉన్నాయి. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గదిలోనూ దూరం పెరిగేకొద్దీ ఉపాధ్యాయుని గొంతు బలహీనపడుతుంది. కనుక బిడ్డను ముందు వరుసలో, వీధి వైపు కిటికీకి ఎడంగా కూర్చోబెట్టమని కోరాలి. మరుసటి రోజు పాఠంలోని కొత్త పదాలను ముందురోజు రాత్రే ఇంట్లో పలికించాలి. తెలిసిన పదాన్ని చెవి రొదలోనూ పోల్చుకుంటుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, దగ్గరకు వెళ్లి, ముఖం చూస్తూ నిదానంగా చెప్పాలి. ‘అర్థమైందా’ అని అడిగితే పిల్లలు తల ఊపుతారు. విన్నది తిరిగి చెప్పించడం మేలు.

నిశ్శబ్దంలోనూ బిడ్డ మళ్లీ మళ్లీ ‘ఏమిటి’ అంటున్నా, టీవీ శబ్దం పెంచుతున్నా, చెవిలో చీము కారుతున్నా ఆలస్యం తగదు. జలుబు తరువాత కర్ణభేరి వెనుక నీరు చేరినా వినికిడి మందగిస్తుంది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లల ఆరోగ్య పరీక్షలలో వినికిడి లోపాన్నీ గుర్తిస్తారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇటువంటి పరీక్షలకు, చికిత్సకు ప్రత్యేకించినది. పరధ్యానమని ముద్ర వేయక ముందే చెవి పరీక్ష చేయించడం ఉత్తమం.