కట్టబొమ్మన కథ: తెరమీదను, పరిశోధకుల గ్రంథములలోను

తిరుప్పూరు, ఉడుమలపేట, ధారాపురము మొదలుకొని మధుర దాటి తిరునెల్వేలి వరకు వ్యాపించియున్న తెలుగు కుటుంబములలో కట్టబొమ్మన పేరు ఎరుగనివారు అరుదు. అయినను పెక్కుమందికి ఆ పేరు తాతలు చెప్పిన కథవలన గాక, 1959లో వెలువడిన చలనచిత్రమువలన పరిచితమైనది. శక్తి టి. కె. కృష్ణస్వామి రచించిన నాటకమును శివాజీ గణేశన్ బృందము 1957 నుండి ప్రదర్శించెను, దానినే బి. ఆర్. పంతులు చిత్రముగా నిర్మించెను. టెలివిజన్ వచ్చిన పిమ్మట ఆ కథ ఇంటిలోనికే నడచివచ్చినది. కనుకనే చరిత్రకారుల విమర్శగ్రంథము చేతికి వచ్చినపుడు మనవారికి మొదట కలుగునది కోపము. మన వీరుని తక్కువ చేయుచున్నారని తోచును. ఆ గ్రంథములను ఓపికతో చదివినచో వేరొక సంగతి కనబడును.

ఈ కథకు ఆధారములు ప్రధానముగా రెండు. ఒకటి కుంపినీవారి ఉత్తరప్రత్యుత్తరములు. 1881లో కాల్డ్వెల్ వ్రాసిన తిరునెల్వేలి చరిత్రకు ఇవియే ముఖ్యాధారములు. రెండవది జనులు పాడుకొనిన కథాగేయములు. నా. వానమామలై పరిష్కరించిన అట్టి గేయమును మధుర విశ్వవిద్యాలయము 1971లో ప్రకటించినది. నాటకము ఈ రెండింటికిని తరువాతిది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దపు ఆవేశము దానిలో నిండియున్నది. కుంపినీ కాగితములను మాత్రమే నమ్మినవానికి కట్టబొమ్మన దోపిడికాడుగా కనబడును. తమిళవాణన్ అట్లే వ్రాసెను. కాని పన్ను చెల్లింపని పాళెగాని కుంపినీవారు మరేమని పిలుతురు? వ్రాసినవాడెవడో తెలియక వ్రాతను తూచరాదు.

జాక్సన్‌తో వాదము జరిగిన ఘట్టమును తీసికొందము. తెరపై ఆ పన్నుల సంభాషణము వినినవాడు మరువలేడు. అది కవి కల్పితము. కాగితములలో ఉన్నదేమనగా, కలెక్టరు జాక్సన్ కబురంపి, తీరా వచ్చినవానికి దర్శనమీయక ఊరూర తన వెంట త్రిప్పుకొనెను. 1798 సెప్టెంబరులో రామనాథపురమున భేటీ జరిగెను. అక్కడి పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్కు మరణించెను. ప్రధాని సుబ్రహ్మణ్య పిళ్ళె పట్టుబడెను. పిమ్మట కుంపినీవారే విచారణ జరిపి జాక్సన్‌ను పదవినుండి తొలగించిరి. సంభాషణము పోయినను అవమానము నిజమై నిలిచినది.

కయత్తారు ఘట్టము ఇంకను విశేషమైనది. 1799 అక్టోబరు 16న ఉరితీయించిన మేజర్ బానర్మన్ స్వయముగా తన పై అధికారులకు జాబు వ్రాసెను. విచారణ జరిగినంతసేపును ఖైదీ బెదరలేదనియు, తన్ను పట్టించుటకు పాటుపడిన ఎట్టయపురపు పాళెగానివంక తిరస్కారముతో చూచెననియు, ధీరముగా నడచి ఉరికంబమునకు పోయెననియు అందున్నది. శత్రువు వ్రాసిన ఈ సాక్ష్యమునకు మించినది ఏ నాటకకర్తయు కల్పింపజాలడు.

పేరు సంగతి మరియొకటి. 'గెట్టిబొమ్ము' అను తెలుగు పేరే తమిళమున కట్టబొమ్మన్ ఆయెనని వంశకథ. చిత్రము తెలుగులోనికి వచ్చునప్పుడు దానిని 'వీరపాండ్య కట్టబ్రహ్మన' అనిరి. తద్భవమునకు తత్సమపు అంగీ తొడిగినట్లైనది!

ఇక ఎట్టప్ప నాయకుడు. నాటకమువలన ఆతని పేరు తమిళదేశమున ద్రోహికి పర్యాయపదమైపోయినది. బడిపిల్లలును తగవులాడుకొనునపుడు ఆ పేరుతో తిట్టుకొందురు. కట్టబొమ్మనవలెనే ఎట్టయపురమువారును తెలుగు మాటాడు రాజకంబళమువారే యని తెరమీద తెలియదు. రెండు పాళెములకును ఆంగ్లేయుల ప్రమేయమునకు ముందునుండియే సరిహద్దు తగవులు ఉండెను. కుంపినీవారు ఆ తగవును వాడుకొనిరి. యుద్ధానంతరము పాంచాలంకురిచ్చి భూములలో కొంత ఎట్టయపురమునకు దక్కినమాటయు వాస్తవమే. దానిని కప్పిపుచ్చ పనిలేదు. కాని ఒక్కని చేతకు వంశమంతయు తిట్టుగా మారుట న్యాయము కాదు. ముత్తుస్వామి దీక్షితులకు ఆశ్రయమిచ్చిన సంస్థానమది. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగు లిపిలో అచ్చుపడినది ఆ ఎట్టయపురముననే.