గట్టు మీది తాడి

విజయవాడ నుంచి తెనాలికి వెళ్ళే రైలుమార్గంలో దుగ్గిరాల దాటిన తరువాత కొలకలూరు వస్తుంది. కృష్ణా కాలువల నీటితో పండే వరిపొలాల నడుమ నెలకొన్న గ్రామమిది. ఇక్కడి నుంచి రేపల్లె, బాపట్లల మీదుగా సముద్రతీరం చేరేవరకు నేల స్వరూపం క్రమంగా మారుతూ పోతుంది. నల్లరేగడి తరిగి ఇసుకనేల కనిపిస్తుంది. మంచినీటి కాలువలు వెనుకబడి ఉప్పునీటి పాయలు ఎదురవుతాయి. ఇన్ని మార్పుల నడుమ మారకుండా నిలిచి ఉండే చెట్టు ఒకటున్నది. అదే తాటిచెట్టు.

నీరు పెట్టకపోయినా, ఎరువు వేయకపోయినా, కంచె కట్టకపోయినా పొలంగట్టు మీద తనంత తాను పెరిగే చెట్టు ఇది. అందుచేతనే దీని విలువను గుర్తించినవారు తక్కువ. “తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు” అనే సామెత ఈ చెట్టుకు లోకంలో ఉన్న పేరు ఎటువంటిదో తెలుపుతున్నది. కాని కల్లు ఈ చెట్టు ఇచ్చే అనేక ఫలాలలో ఒకటి మాత్రమే. పక్షికి గూడుగా, పశువుకు మేతగా, మనిషికి ఆహారంగా, ఇంటికి కప్పుగా, అక్షరానికి ఆధారంగా నిలిచిన చరిత్ర తాటిచెట్టుకు ఉన్నది.

తాటిచెట్టును శాస్త్రజ్ఞులు ‘బొరాసస్ ఫ్లాబెల్లిఫర్’ అని పిలుస్తారు. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులోని రెండవ పదానికి ‘విసనకర్రలు ధరించినది’ అని అర్థం. విప్పారిన తాటాకును చూచినవారికి ఈ పేరులోని ఔచిత్యం వెంటనే తెలుస్తుంది. ఈ జాతిలో ఆడచెట్లు, మగచెట్లు వేరువేరుగా ఉంటాయి. మగచెట్టును పోతుతాడు అంటారు. అది కాయలు కాయదు. చెట్టు పుష్పించడానికి సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. అందువల్ల పూతకు ముందు ఏది ఆడచెట్టో, ఏది మగచెట్టో చెప్పడం కష్టం. చెట్టు ఇరవై, ముప్పై మీటర్ల ఎత్తు పెరిగి వంద సంవత్సరాలకు పైగా జీవిస్తుంది. ఒక తరంవారు పాతిన టెంక రెండు మూడు తరాలవారికి ఉపయోగపడుతుందన్నమాట.

తాటిచెట్టు పక్షులకు పెట్టనికోట. తొలకరి తరువాత వరిచేలు పచ్చబడుతున్న రోజులలో గిజిగాళ్ళు తాటిమట్టలకు గూళ్ళు అల్లుతాయి. మగపక్షి వరి ఆకులను, తాటాకులను సన్నని పోగులుగా చీల్చి తెచ్చి, పొడవైన గొట్టం వంటి ద్వారంతో వేలాడే గూడును నిర్మిస్తుంది. నున్నని ఎత్తైన మానును, రంపపు పళ్ళవంటి అంచులు గల మట్టలను దాటి పాములు, ఎలుకలు ఆ గూటిని చేరడం సులభం కాదు. ధాన్యపుగింజలు తిన్నప్పటికీ, పిల్లలను సాకే కాలంలో ఈ పక్షులు చేలలోని పురుగులను ఏరి వాటికి ఆహారంగా పెడతాయి.

తాటిచెట్టుతో మరింత గాఢమైన అనుబంధం గల చిన్న పక్షి ఇంకొకటి ఉన్నది. ఇది వంకీకత్తుల వంటి రెక్కలతో రోజంతా ఆకాశంలో ఎగురుతూ గాలిలోని కీటకాలను పట్టి తింటుంది. మామూలు పక్షుల వలె కొమ్మపై వాలలేదు. వేలాడే తాటాకు అడుగుభాగాన ఈకలను, దూదిపోగులను తన ఉమ్మితో అతికించి గూడు కట్టుకొంటుంది. తాటిజాతి చెట్లనే ఆశ్రయించి జీవించడం చేత ఆంగ్లంలో కూడ దీనికి తాటిపేరే వచ్చింది. తాళ్ళు లేని ఊరిలో దీనికి చోటు దొరకడం కష్టం.

ఎండి వేలాడే మట్టల వెనుక గబ్బిలాలు పగటిపూట తలదాచుకొంటాయి. కల్లు కుండలపై ఆశతో రాత్రివేళ మానుపిల్లి చెట్టెక్కుతుంది. మొవ్వు ఎండి మోడైన తాటిచెట్టు కూడ వ్యర్థం కాదు. దాని తొర్రలలో రామచిలుకలు, గోరువంకలు, చిన్న గుడ్లగూబలు పిల్లలను పెడతాయి. గుడ్లగూబ ఎలుకలను, గబ్బిలం పురుగులను తిని వరిరైతుకు జీతం అడగని కాపలాదారులవుతాయి. పక్షులు విడిచిన గింజల వల్ల తాటిమట్టల సందున రావి, మర్రి మొలిచి, క్రమంగా తాడిని కౌగిలించుకొని పెరిగిన దృశ్యాలు కూడ పల్లెలలో కనిపిస్తాయి.

మనిషికి తాటిచెట్టు ఏడాది పొడవునా ఏదో ఒక ఆహారాన్ని ఇస్తుంది. వేసవిలో లేతకాయల నుంచి ముంజెలు లభిస్తాయి. గింజ గట్టిపడక ముందు దానిలో ఉండే మెత్తని పోషకపదార్థమే ముంజె. సాధారణంగా ఒక్కొక్క కాయలో మూడు గింజలుంటాయి. వానాకాలంలో పండ్లు రాలుతాయి. పసుపుపచ్చని గుజ్జును పిండి తాటిరొట్టెలు, బూరెలు వండుతారు. నేల రాలిన పండ్లను పశువులు, నక్కలు తింటాయి. మిగిలిన టెంకలను ఇసుకమట్టిలో పాతర వేస్తే చలికాలానికి తేగలు సిద్ధమవుతాయి. టెంకను పగులగొడితే లోపల తెల్లని బుర్రగుంజు ఉంటుంది. తేగలను కుంపటిలో కాల్చి గాని, ఉడకబెట్టి గాని తినడం పల్లెవాసులకు అలవాటు.

తేగ పుట్టుకలో ఒక విశేషం ఉన్నది. టెంక నుంచి వెలువడిన మొలక ముందుగా ఆకాశం వైపు పోదు. గొట్టం వలె నేలలోనికి లోతుగా దిగి, అక్కడ ఆహారాన్ని నిలువ చేసుకొని, ఆ తరువాతనే ఆకును పైకి పంపుతుంది. ఈ విధంగా పసిమొక్క ఎండ నుంచి, నిప్పు నుంచి, పశువుల నోటి నుంచి తనను తాను కాపాడుకొంటుంది. మనిషి తవ్వి తినేది ఈ నిలువనే. కనుక పాతర వేసిన టెంకలన్నీ తేగలుగా మారితే కొత్త చెట్టు పుట్టదు. కొన్నింటిని గట్టు మీద విడిచిపెట్టినప్పుడే రాబోయే తరానికి తాడి మిగులుతుంది.

పూగెల చివరను ప్రతిదినం పలుచగా చెక్కితే తియ్యని రసం ఊరుతుంది. ఇందులో పంచదార పాలు ఎక్కువ. గాలిలోని సూక్ష్మజీవులు ఈ పంచదారను మద్యసారంగా మార్చడం వల్ల అది కొద్ది గంటలలో పులిసి కల్లవుతుంది. కుండ లోపల సున్నం పూసినట్లయితే ఆ సూక్ష్మజీవులు పెరగవు. అప్పుడు లభించే తియ్యని పానీయమే నీరా. దానిని మరిగించి తాటిబెల్లం, తాటికలకండ తయారుచేస్తారు. చెరకు పండించడానికి మంచి పొలమూ నీరూ కావలసి ఉండగా, తాటిబెల్లం బంజరులో పెరిగిన చెట్టు నుంచి వస్తుంది. ఈ కారణం చేతనే గాంధీజీ తాటిబెల్లం తయారీని గ్రామీణ పరిశ్రమగా ప్రోత్సహించాడు.

తాటాకు కప్పిన ఇల్లు వేసవిలో చల్లగా ఉంటుంది. ఆకుతో విసనకర్రలు, బుట్టలు, చాపలు, గొడుగులు అల్లుతారు. మట్టల నారతో తాళ్ళు పేనుతారు. పీచుతో చీపుళ్ళు, కుంచెలు చేస్తారు. ముదిరిన మాను దూలాలుగా, వాసాలుగా పనికివస్తుంది. దానిని తొలిచి కొల్లేరు ప్రాంతంలో దోనెలు చేసుకొన్నారు. పంటకాలువల మీద అడ్డంగా వేసిన తాటిపట్టె పల్లెవాసుల మొదటి వంతెన. అన్నింటికంటె మిన్నగా, కాగితం వాడుకలోకి రాకముందు శతాబ్దాలపాటు తెలుగు సాహిత్యాన్ని మోసినది తాటాకే. గంటంతో వ్రాసిన అక్షరాలకు మసి పట్టించి చదివేవారు. అటువంటి తాళపత్ర గ్రంథాలను సేకరించి, పరిష్కరింపజేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) కృషి తెలుగువారికి చిరస్మరణీయం.

తీరప్రాంతంలో తాటిచెట్టుకు మరొక ప్రయోజనం ఉన్నది. దీనికి తల్లివేరు లేదు. సన్నని వేళ్ళు వేలకొలదిగా అల్లుకొని గట్టును, ఇసుకను పట్టి ఉంచుతాయి. మాను నిండా నారపోగులు ఉండడం వల్ల గాలికి వంగినా తేలికగా విరగదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన కృష్ణా, గుంటూరు జిల్లాల తీరగ్రామాలను ఊడ్చివేసి, వేలాదిమందిని బలిగొన్నది. ఆనాడు చెట్లను పట్టుకొని ప్రాణాలు దక్కించుకొన్నవారున్నారు. గాలివానకు తట్టుకొనే చెట్ల వరుస తీరానికి ఎంత అవసరమో ఆ విపత్తు తెలియజేసింది.

ఇంతటి చెట్టుకు కూడ కష్టకాలాలు వచ్చాయి. తాటిచెట్టుకు పెరిగే మొన ఒక్కటే. అదే మొవ్వు. అది చెడితే చెట్టు చనిపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో గోదావరి, కృష్ణా డెల్టాలలో మొవ్వుకుళ్ళు తెగులు వ్యాపించి అసంఖ్యాకంగా చెట్లను నశింపజేసింది. దీనికి కారణమైన సూక్ష్మజీవిని ఎడ్విన్ జాన్ బట్లర్ అనే శాస్త్రవేత్త 1907లో వర్ణించాడు. తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్చివేయడమే నాటి నివారణోపాయం.

నేటి ముప్పు తెగులు వల్ల వచ్చినది కాదు. ఇటుకబట్టీలకు వంటచెరకుగా, రోడ్ల వెడల్పు కోసం, చేపల చెరువుల కోసం, ఇళ్ళస్థలాల కోసం తాళ్ళు నేలకూలుతున్నాయి. రైతు వాదనలోనూ న్యాయం లేకపోలేదు. గట్టు మీది చెట్టు నీడ చేను మీద పడుతుంది. పైగా చెట్టెక్కే గీతకార్మికులు తగ్గిపోయారు. మోకు కట్టుకొని అంత ఎత్తుకు ఎక్కే ఆ వృత్తిలో కాలు జారితే ప్రాణమే పోతుంది. ఆ ప్రమాదానికి తగిన ప్రతిఫలం లేనప్పుడు వారి బిడ్డలు వేరు దారి వెదకుకోవడం సహజం. కనుక తాడిని కాపాడడమంటే తాడినెక్కే మనిషిని కూడ కాపాడడమే. సురక్షితమైన ఎక్కుడు సాధనాలు, నీరాకు, బెల్లానికి గిట్టుబాటు ధర లభించినప్పుడే చెట్టు నరికితే వచ్చే డబ్బుకంటె నిలిపితే వచ్చే డబ్బు మేలనిపిస్తుంది. రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి ఉత్పత్తులపై పరిశోధనలు జరగడం ఈ దిశలో వేసిన అడుగు.

ఇతర ప్రాంతాల అనుభవాలు కూడ గమనింపదగినవి. కంబోడియా 2005లో తాటిచెట్టును జాతీయవృక్షంగా ప్రకటించింది. తమిళనాడుకు ఇది రాష్ట్రవృక్షం. అనుమతి లేకుండా తాళ్ళను నరకరాదని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. పిడుగుల వల్ల మరణాలు పెరగడంతో బంగ్లాదేశ్ 2017లో తాటిమొక్కలు నాటే కార్యక్రమం చేపట్టింది. ఎత్తైన తాడి పిడుగును తన మీదికి తీసుకొంటుందని వారి ఆశ. అయితే సంరక్షణ లేక చాలా మొక్కలు చనిపోయాయి. బ్రతికినవి ఎత్తు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. పెరిగిన చెట్టును నరకడానికి కొద్ది నిమిషాలు చాలు. దాని స్థానంలో మరొకటి నిలబడడానికి ఒక తరం కావాలి. ఆ దేశపు అనుభవం నేర్పే పాఠమిదే. పిడుగుపడే వేళ ఏ చెట్టు కిందా నిలువరాదన్న జాగ్రత్త కూడ ఇక్కడ మరువరాదు.

తాటిచెట్టును నాటడానికి పెట్టుబడి అక్కరలేదు. తిని పారవేసిన టెంకను వానాకాలంలో కాలువగట్టున గాని, చెరువుకట్టపైన గాని, బంజరులో గాని పాతితే చాలు. పొలానికి నీడ పడని చోటు ఎన్నుకొంటే రైతుకూ నష్టం లేదు. పాతినవారు దాని ముంజెలు తినడానికి చాలాకాలం వేచి ఉండవలసి రావచ్చును. అయినా నేడు గట్ల మీద నిలిచి ఉన్న ప్రతి తాడీ ఎవరో ఒక పూర్వుడు విడిచిపెట్టిన టెంక నుంచి మొలిచినదే. ఆ ఋణం తీర్చుకొనే మార్గం మరొక టెంకను నేలకు అప్పగించడమే.