“ఒకరికొకరు ఏటి సాయం సేసుకుంతారు?”

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వికలాంగుల సంఘం మాటెత్తితే అరుగు మీది పెద్దమనిషి ఒకరు నవ్వేస్తారు. “ఇద్దరికీ కాళ్లు నేవు. ఒకరికొకరు ఏటి సాయం సేసుకుంతారు?” తోటివారి తోడు మీదున్న అపోహలకు తల్లివేరు ఈ ప్రశ్నే. సాయమంటే మోయడం, పెట్టడం మాత్రమే అయితే ఆయన అడిగింది సబబే.

వెన్నుపూస దెబ్బతిని మంచాన పడ్డవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుళ్లు పడతాయని డాక్టరు చెబుతారు. అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా, మంచానికి కట్టిన తాడు పట్టుకుని ఎలా ఒత్తిగిల్లాలో, మూత్రం గొట్టంతో పెళ్లికి ఎలా వెళ్లి రావాలో చెప్పగలిగేది ఏళ్లుగా ఆ పాట్లు పడుతున్నవారే. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో కూడా ఒకసారి తిరిగొచ్చినవారికే బాగా తెలుసు. ఐక్యరాజ్యసమితి 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 26వ అధికరణం పునరావాసంలో తోటివారి ఆసరాను పేరుపెట్టి మరీ చేర్చింది. 2007లో భారతదేశం దాన్ని ఆమోదించింది.

ఇది పట్నాల మోజు, మన ఊళ్లకు కొత్త అన్నది మరో అపోహ. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మహిళల పొదుపు సంఘాల పక్కనే వికలాంగుల సంఘాలూ, మండల సమాఖ్యలూ ఆ పథకంలోనే పుట్టాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు విభిన్న ప్రతిభావంతులనీ, దివ్యాంగులనీ పేర్లు మార్చాయి గానీ, సంఘంలో కూర్చున్నవారి పని మారలేదు.

చిన్న ఊళ్లో సంఘానికి పదిమంది దొరకరుగా అంటారు. అక్కర్లేదు. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ నిబంధనల ప్రకారం వికలాంగుల సంఘానికి అయిదుగురు చాలు, అందులో ఆడా మగా కలిసి ఉండొచ్చు.

“నెలనెలా పింఛను వస్తోంది, ఇంకేం కావాలి?” అన్నదీ తరచు వినబడే మాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. ఆ డబ్బు లేకపోతే ఎన్నో ఇళ్లు గడవవు. అయితే పింఛను గుమ్మంలోకే వస్తోంది కాబట్టి ఆ పేరుతోనైనా బయటికెళ్లి నలుగురిని కలిసే పని తప్పిపోయింది. సౌకర్యంతోపాటు ఒంటరితనమూ వచ్చిందన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

అన్నిటికన్నా మొండి అపోహ కుష్ఠుది. నయమైనవారు ఒకచోట కూర్చుంటే జబ్బు పాకుతుందని భయం. మందులు మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగి నుంచి జబ్బు అంటడం ఆగిపోతుంది. పూర్తిగా నయమైనా పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. అందుకే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కుష్ఠు నయమైనవారూ ఉన్నారు.

కుష్ఠు నయమైనవారి స్వీయ సంరక్షణ బృందాల్లో ఉపన్యాసాలుండవు. పాదాలు నీళ్లలో నానబెట్టుకుంటారు, గట్టిపడ్డ చర్మం గీకుతారు, తడి ఆరకముందే నూనె రాస్తారు. ముల్లు దిగినా తెలియని పాదం కాబట్టి, చూపు తగ్గినవారి అరికాలిని పక్కవారు తిప్పి చూస్తారు. మెత్తటి రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పు అట్ట అరిగిందో లేదో తేలేదీ అక్కడే.