భాగస్వాములు... మూడు వారాల ప్రత్యర్థులు!

అమలాపురంలో ‘సాత్విక్ ఎవరు?’ అనడిగితే మిమ్మల్ని వింతగా చూస్తారు. 2023లో రంకిరెడ్డి సాత్విక్‌ సాయిరాజ్ కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు... గిన్నిస్ రికార్డు! అయితే ఈ ముచ్చట అంతకుముందుది.

2020 జనవరి 20న ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ ఐదో సీజన్ మొదలైంది. సాత్విక్‌ది చెన్నై జట్టు. ఏడాదంతా పక్కన నిలబడి ఆడే చిరాగ్ శెట్టేమో పుణె వైపు! ఈ లీగ్‌లో అసలు మజా ‘ట్రంప్’ మ్యాచ్‌ది. ప్రతి జట్టూ ఒక మ్యాచ్‌ని ట్రంప్‌గా ఎంచుకోవాల్సి వచ్చేది. గెలిస్తే రెండు పాయింట్లు. ఓడితే ఉన్నదాంట్లోంచి ఒకటి కోత. అందుకే ఒక్కోసారి స్కోరు సున్నా కిందికీ జారేది.

చెన్నై సెమీస్‌తో సరిపెట్టుకుంది. ఫిబ్రవరి 9న జరిగిన ఫైనల్లో నార్త్ ఈస్టర్న్ వారియర్స్‌ను 4-2తో ఓడించి బెంగళూరు వరసగా రెండోసారి కప్పు కొట్టింది. వేదిక... గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. అమలాపురం ఎంపీగా ఉండి లోక్‌సభ స్పీకరైన బాలయోగి కూడా కోనసీమ బిడ్డే మరి!

నెల తిరిగేసరికి కోవిడ్. 2021 సీజన్ వాయిదా పడింది. సాత్విక్‌కి విదేశీ టోర్నీలున్నాయి. దిగ్గజాలతో ఒకే జట్టులో ఆడుతూ నేర్చుకునే అవకాశం పోయింది మాత్రం ఇంకా పేరు రాని కుర్రాళ్లకే.