ఐదేళ్లకే కనిపించే ఎడం

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా పిల్లలను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి గమనిస్తూ వచ్చింది. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో ఏడాది వయసున్న సుమారు 2,000 మంది పసివాళ్లను ఎంచుకుని, వాళ్లు పెరిగి పెద్దయ్యేదాకా కొన్నేళ్లకోసారి వెళ్లి కలిశారు. ఐదేళ్లప్పుడు ఒక పరీక్ష పెట్టారు. ఒక మాట చెబుతారు. నాలుగు బొమ్మల్లో దానికి తగినదాన్ని పిల్ల వేలితో చూపాలి. కలిగిన ఇళ్ల పిల్లలకూ, లేని ఇళ్ల పిల్లలకూ అప్పటికే ఎడం వచ్చేసింది. తల్లి చదువుకున్న ఇళ్లలో పిల్లలకు ఎక్కువ మాటలు తెలిశాయి.

తెలివి పుట్టుకతో వచ్చేదని సరిపెట్టుకోవడం అన్యాయం. రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతం పరిమాణానికి చేరుతుంది. ఆ రోజుల్లో తిండి చాలకపోయినా, విరేచనాలు పదేపదే పట్టుకుని తిన్నది ఒంటబట్టకపోయినా పిల్ల గిడసబారుతుంది, వయసుకు తగ్గ ఎత్తు రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది ఇలాంటివాళ్లే.

తిండి ఒక్కటే కాదు. పిల్లతో మాట్లాడే మనిషి కావాలి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయి, పుణెలకు మట్టిపనికి వలసపోయే పాలమూరు తల్లికి బిడ్డ మీద ప్రేమ తక్కువేమీ కాదు, తక్కువైంది తీరిక.

ఈ నష్టం పూడుతుందా? జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో గిడసబారిన 129 మంది పసివాళ్లతో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ప్రయోగం చేసింది. కొందరికి పాలతో చేసిన పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట, రెండేళ్లపాటు వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపారు. ఇంకొందరికి రెండూ అందాయి. ఇరవయ్యేళ్ల తర్వాత చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకన్నా 25 శాతం ఎక్కువ. తిండి మాత్రమే అందినవాళ్లలో అంత మేలు నిలవలేదు.

మన అంగన్‌వాడీలు పసివాళ్లకు బాలామృతం అనే పోషకాహారం ఇస్తున్నాయి, గర్భిణులకు, బాలింతలకు భోజనం పెడుతున్నాయి. అది ఆగకూడదు. మూడేళ్లలోపు పిల్లల ఇళ్లకు వారానికో గంట ఆటతో, మాటతో వెళ్లే మనిషిని కూడా ప్రభుత్వం ఇవ్వాలి. తల్లితోపాటు పనిచోటికి తరలిపోయిన పిల్లకు పుణె శివారు షెడ్డులోనూ ఆ గంట అందాలి.